సాంచాల ఊళ్ళో నిప్పు లేని కుంపటి: మా భివండీ వంటింటి చరిత్ర

భివండీ తెలుగువాళ్ళ చరిత్ర అనగానే అందరం సాంచాల గురించే చెప్పుకుంటాం. ఎవరు ముందు వచ్చిండ్రు, ఎన్ని సాంచాలతో మొదలు పెట్టిండ్రు, ఏ సేఠ్ దగ్గర పని చేసిండ్రు, ఇవే ముచ్చట్లు. పొయ్యి గురించి ఎవరూ రాయరు. మేము ఈసారి పొయ్యి గురించి, అందులోనూ కాల్చుకొని తినే తిండి గురించి రాద్దామనుకున్నాం. ఎందుకంటే ఆ తిండి మా ఇంట్లో నలభై ఏండ్లకు పైగా దాదాపు కనబడకుండా పోయింది. తిరిగి వచ్చింది మాత్రం ఒక చిన్న కరెంటు గ్రిల్లు రూపంలో. డబ్బా మీద ‘హెల్త్ గ్రిల్’ అని రాసి ఉంటుంది కదా, అదే. రెండు నల్లటి పలకలు, పైన ఒక పిడి, ముందు ఒక చిన్న తొట్టి.

మా తాతలది అప్పటి కరీంనగర్ జిల్లా, సిరిసిల్ల వైపు. ఆ ఇళ్ళల్లో కాల్చడం అంటే వేరే వంట కాదు. అన్నం, పప్పు అయిపోయినంక పొయ్యిలో మిగిలిన నిప్పులు వృథా పోకుండా చేసుకునే పని. ఉడుకు బూడిదలో గెనుసుగడ్డలు పెడితే తెల్లారేసరికి మెత్తగా అయ్యేవి. వానకాలం మక్క కంకులు. వంకాయ కాల్చి తొక్కు. పచ్చిపులుసులోకి పచ్చిమిరపకాయలు నిప్పుల మీద పొర్లించి పిసికేటోళ్ళు. ఆ కమురు వాసన లేకపోతే అది పచ్చిపులుసే కాదని నాయినమ్మ ఇప్పటికీ అంటది. దసరాకు యాట కోస్తే, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టిన ఒట్టి తునకలు నెలల తరబడి ఉండేవి. రెండు తునకలు నిప్పుల మీద కాల్చి, రోకలితో నలగ్గొట్టి, జొన్నరొట్టెలో పెట్టుకొని మగ్గం గుంటలోకి దిగితే పొద్దంతా అదే బలం. నూనె చుక్క అక్కర లేదు. నూనె కొనే పైసలు కూడా లేవనుకోండి, అది కూడా చెప్పాలి. పేదరికాన్ని ఆరోగ్యం అని పొగడడం మాకు ఇష్టం లేదు.

మన ప్రాంతంలో కాల్చిన మాంసానికి రాజుల దగ్గర కూడా పెద్ద పీటే ఉండేది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో, 1130 ప్రాంతంలో, సంస్కృతంలో రాయించిన ‘మానసోల్లాసం’లో మాంసం ముక్కలకు మసాలా పట్టించి, సీకులకు గుచ్చి నిప్పుల మీద కాల్చే విధానం ఉంది. ఆ కల్యాణి ఇప్పటి బసవకల్యాణ్, తెలంగాణ సరిహద్దు పక్కనే. కబాబు మనకు బయటినుంచే వచ్చిందనుకునే పిల్లలకు ఇది చెప్పండి.

మా తాత భివండీ వచ్చింది అరవైలలో. సిరిసిల్లకు అప్పుడు రైలు లేదు. సికింద్రాబాదు దాకా బస్సు, అక్కడినుంచి వాడి, షోలాపూర్, పూనా మీదుగా కల్యాణ్. మధ్యలో షోలాపూర్‌లో చుట్టాల ఇంట్లో రెండు రోజులు. మన పద్మశాలీలు షోలాపూర్‌లో, బొంబాయి మిల్లుల్లో అంతకు ఎంతో ముందే కుదురుకున్నారు కాబట్టి దారి పొడుగునా మన భాష దొరికేది. భివండీలో సాంచాలు 1930లలోనే మొదలైనయి. చాలావరకు ఉత్తరప్రదేశ్ నుంచి తరాల కింద వచ్చిన మోమిన్ అన్సారీ నేతగాళ్ళవి, కొంకణీ ముస్లిం ఆసాములవి. తరువాత మనవాళ్ళు పెరిగి కామత్‌ఘర్, పద్మానగర్ ప్రాంతాలు తెలుగు ఊళ్ళ లెక్క అయినయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై రెండున్నర లక్షల మంది పని ఆపేసినంక, బట్ట నేసే పని ఇటు మళ్ళింది. మా చిన్నతాత పరేల్ మిల్లు వదిలి భివండీ వచ్చింది ఆ సమ్మె తరువాతే. ఆయన కథ ఇంకోసారి.

ఇప్పుడు అసలు సంగతి. మా తాత వాళ్ళు మొదట ఉన్న గది కార్ఖానాను ఆనుకొని ఉండేది. మధ్యలో ఒక పలుచటి గోడ, గోడ మీద రేకులు. అటు ఎనిమిది సాంచాలు. ఇటు నాయినమ్మ, నలుగురు పిల్లలు, ఒక మూలకు కండెలు చుట్టే రాట్నం. గాలిలో ఎప్పుడూ దూది దుమ్ము. దండెం మీది బట్టల మీద, దేవుడి పటం మీద, ఆరబెట్టిన గిన్నెల మీద తెల్లగా పేరుకునేది. దూది దుమ్ముకు నిప్పు రవ్వ తగిలితే ఏమైతదో సాంచాల ఊళ్ళో చిన్న పిల్లకు కూడా తెలుసు. ఈ ఊళ్ళో బట్టల గోదాములు, నూలు గోదాములు తగలబడడం మనం ఎన్నిసార్లు చూడలేదు! అందుకే గది అద్దెకు ఇచ్చేటప్పుడు ఆసామి పెట్టిన మొదటి షరతు: కట్టెలు, బొగ్గులు పెట్టొద్దు.

ఊరినుంచి మోసుకొచ్చిన ఇనుప కుంపటి (ఇక్కడివాళ్ళు శెగడీ అంటారు) మంచం కిందికి పోయింది. దాంట్లో కొన్నాళ్ళు ఉల్లిగడ్డలు పెట్టుకున్నరట.

దాని స్థానంలో వచ్చింది పంపు స్టవ్వు. కిరోసిన్‌ను మన దిక్కు గాసునూనె అంటాం, మరాఠీవాళ్ళు రాకెల్ అంటారు, బొంబాయి బజారు భాషలో ఘాస్‌లేట్. మూడు పేర్లూ మా ఇంట్లో నడిచేవి. రేషన్ షాపులో నీలం రంగు గాసునూనె కోసం డబ్బా పట్టుకొని నిలబడిన రోజులు మా బాపుకు బాగా గుర్తు. ఆ స్టవ్వు మీద వంకాయ కాల్చితే తొక్కులో గాసునూనె వాసన కొట్టేది. ఎండు బొంబిల్ కాల్చితే ఇంకా అన్యాయం. నాలుగైదు సార్లు చూసి నాయినమ్మ మానేసింది. అప్పటినుంచి చేప అంటే వేయించుడు, లేకపోతే పులుసు. పచ్చిమిరపకాయ పెనం మీదికి వచ్చింది. ఒట్టి తునకలు ఊరినుంచి ఎవరన్నా తెచ్చినా కూరలోకే పోయేవి. ఒక వంట పద్ధతి ఒక ఇంట్లోంచి ఎట్ల మాయమైతదో చూడండి. ఎవరూ ‘ఇకనుంచి మానేద్దాం’ అని నిర్ణయించలేదు. గది గోడ పలుచగా ఉంది, అంతే.

కాల్చిన తిండి ఊళ్ళో లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. రంజాన్ నెలలో సందుల్లో సీకుల మీద కబాబులు, బొగ్గుల పొగ, ఆ వాసన మా వాడ దాకా వచ్చేది. అన్సారీల ఇళ్ళనుంచి ఈద్‌కు గిన్నెలు మా ఇంటికి, మా ఇంటినుంచి సద్దుల బతుకమ్మనాడు సత్తుపిండి ఆ ఇళ్ళకు. 1984 మేలో అల్లర్లు అయినంక ఆ గిన్నెలు కొన్నేండ్లు ఆగిపోయినయి. మళ్ళీ మొదలైనయి, కానీ మునుపటి అన్ని ఇళ్ళకు కాదు. ఒంటరిగా వచ్చిన పనివాళ్ళకు మాత్రం బిస్సీ ఉండేది. వారానికి ఇంత అని లెక్క కట్టి రెండు పూటలు అన్నం పెట్టే భోజనశాల. అక్కడ పప్పు, కూర, రొట్టె, పైన తేలే ఎర్రటి నూనె. పన్నెండు గంటల పాళీ చేసినవాడికి ఆ నూనే కడుపు నిండిన గుర్తు.

గ్యాసు బండ మా ఇంటికి వచ్చింది తొంభైలలో, ఏండ్ల తరబడి నంబరు పెట్టుకొని కూచున్నంక. బొంబాయికి 1955లోనే బర్షేన్ పేరుతో వంటగ్యాసు వచ్చింది, ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న మాకు ఆ తీరిక. గ్యాసు మంట మీద వంకాయ, అప్పడం కాల్చుకోవచ్చు. చేప, మాంసం మాత్రం కాదు. కొవ్వు కారి బర్నరు రంధ్రాలు మూసుకపోతయి, గది నిండా పొగ. కాబట్టి గ్యాసు వచ్చి మా ఇంట్లో నూనె తగ్గించలేదు, పెంచింది. కడాయి పెట్టడం అంత సులువైపోయింది. సాయంత్రం భజీలు, ఆదివారం వేయించిన కోడి, బయట వడాపావ్. సాంచా మీద నిలబడి పని చేసిన తాత ఆ నూనెను అరిగించుకున్నడు. దుకాణంలో కూచొని బిల్లులు రాసే మా బాపుకు నలభై అయిదో ఏట షుగర్ వచ్చింది, రెండేండ్లకు బీపీ. అప్పటికే తాతకు దమ్ము.

దమ్ము గురించి ఒక మాట. దూది దుమ్ము పీల్చే పనివాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బైసినోసిస్ అంటారు. దూది ఏకే, వడికే ఖాతాల్లో ఎక్కువ, నేత ఖాతాలో కూడా లేకపోలేదు. సెలవు తరువాత పనిలోకి పోయిన మొదటి రోజు ఛాతీ బిగపట్టడం దాని లక్షణం. అందుకే ఇంగ్లండు మిల్లుల్లో దానికి సోమవారం జ్వరం అని పేరు పడ్డది. మన ఊళ్ళో సాంచాలకు సెలవు శుక్రవారం, కాబట్టి ఆ బిగపట్టుడు శనివారం రావాలె. తాతకు శనివారాలే చెడ్డ రోజులని నాయినమ్మ చెప్తది. డాక్టరు తాతకు ఆ జబ్బు పేరేదీ రాయలేదు, ఇంట్లో పొగ రావద్దని మాత్రం గట్టిగా చెప్పిండు. బాపుకేమో నూనె తగ్గించమని. ఒకే ఇంట్లో ఒకరికి పొగ పనికిరాదు, ఇంకొకరికి నూనె పనికిరాదు. మిగిలింది ఉడకబెట్టుడు. ఉడకబెట్టిన చేపను మా బాపు ముందు పెట్టి చూస్తే తెలుస్తది డాక్టరు సలహా ఎంత కష్టమో.

కరెంటుతో వంట చేయొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతరు. భివండీ కరెంటు కథ తెలియక. ఈ ఊళ్ళో లక్షల సాంచాలు తిరిగేదే కరెంటు మీద, అయినా ఇంటికి వచ్చేసరికి అది నమ్మలేని చుట్టం. 2005, 2006 ప్రాంతంలో మహారాష్ట్రలో లోడ్‌షెడ్డింగ్ రోజూ గంటల తరబడి ఉండేది. ఊరికి పంపిన కరెంటులో సగానికి పైగా పైసలు వసూలు కాకనే పోయేవి. 2007 జనవరి 26నుంచి రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ ఇక్కడి పంపిణీని ఫ్రాంచైజీ పద్ధతిలో టోరెంట్ పవర్‌కు అప్పగించింది. దేశంలో ఇట్లాంటి ఏర్పాట్లలో మొదటిదని దీన్ని ఎప్పుడూ ఉదాహరణగా చెప్తుంటారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు, కొత్త కేబుళ్ళు, కొత్త మీటర్లు. రానురాను సాయంత్రం వోల్టేజీ నిలబడ్డది. అంతకు ముందు మా ఇంట్లో బల్బు సాయంత్రం ఏడు గంటలకు నారింజ రంగులో వెలిగేది. ఆ వోల్టేజీలో ఏ పలక వేడెక్కుతది?

ఇక గ్రిల్లు. ఈ యంత్రం ఒక్కరి సృష్టి కాదు, మూడు పాత సరుకుల కలయిక. ఎర్రగా కాలినా తొందరగా తెగని తీగ నైక్రోమ్, అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ కనిపెట్టి 1906లో పేటెంటు తీసుకున్నడు. టోస్టర్లు, ఇస్త్రీ పెట్టెలు, హీటర్లు అన్నీ దాని పిల్లలే. అంటుకోని పూత, అంటే టెఫ్లాన్, 1938లో డూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా దొరికింది. 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ దాన్ని వంట పెనానికి పట్టించిండు. మూడోది వాలు. కింది పలక ముందుకు కొంచెం వంగి ఉంటే కరిగిన కొవ్వు తొట్టిలోకి జారిపోతది. మైకేల్ బోమ్ అనే ఆయన ఈ వాలు పెట్టిన గ్రిల్లు తయారుచేస్తే, 1994లో సాల్టన్ కంపెనీ దాన్ని బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది నవంబరులో ఫోర్‌మన్ 45 ఏండ్ల వయసులో మళ్ళీ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యిండు. 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో ఓడిపోయినవాడే. ఇంతకన్నా మంచి ప్రకటన ఎవరికి దొరుకుతది? పది కోట్లకు పైగా అమ్ముడుపోయినయి. 1999లో ఆ పేరు వాడుకునే హక్కు కోసం కంపెనీ ఆయనకు 13 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది.

మాకు మాత్రం దీని అసలు పూర్వీకుడు అమెరికాలో లేడు, బొంబాయి ఫుట్‌పాత్ మీదనే ఉన్నడు. రెండు అల్యూమినియం పలకలు, పొడుగాటి పిడి, మధ్యలో బ్రెడ్డు, ఆలుగడ్డ, ఆకుపచ్చ చట్నీ. బొగ్గుల మీద అటు తిప్పి ఇటు తిప్పి ఇచ్చే టోస్ట్ శాండ్‌విచ్. రెండు పలకల నడుమ పెట్టి నొక్కి కాల్చుడు అనే ఊహ మన ఊళ్ళో ఎప్పటినుంచో నడుస్తనే ఉంది.

మా వదినె సూరత్ నుంచి తెచ్చిన గ్రిల్లు చిన్నది, 750 వాట్లది. చిన్నదే కావాలని ఎందుకంటే, 230 వోల్టుల మీద అది లాగేది మూడు ఆంపియర్ల చిల్లర. మామూలు చిన్న ప్లగ్గు సరిపోతది. 2000 వాట్ల పెద్ద గ్రిల్లుకు మూడు లావు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలె, పాత చాళ్ళ వైరింగుకు అది బరువు. మా బాపు దాని అడుగున రాసింది చదివి మొదట అన్న మాట: ‘ఇది ఒక సాంచా!’ నిజమే, ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. సాదా సాంచాకు బిగించే మోటారు కూడా ఒక హార్స్‌పవర్ లోపే. కాకపోతే సాంచా పన్నెండు గంటలు నడిస్తే తొమ్మిది యూనిట్ల దాకా తాగుతది, గ్రిల్లు పావుగంట నడిస్తే యూనిట్‌లో అయిదో వంతు కూడా కాదు.

వాడకం సంగతి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తున్నాం. ముందు ఖాళీ గ్రిల్లు మూసి అయిదు నిమిషాలు వేడెక్కనివ్వాలి, దీపం మారేదాకా. చల్లటి పలక మీద పెడితే ముక్క కాలదు, ఉడికి నీళ్ళు వదుల్తది. మాంసం మీద ఆ గోధుమ రంగు, ఆ వాసన రావాలంటే పైపొర 140 డిగ్రీలు దాటాలె. నీళ్ళున్నంతసేపు వంద దగ్గరే ఆగిపోతది. కాబట్టి చేపైనా కోడైనా గుడ్డతో తడి ఒత్తి తీసి పెట్టండి. ముక్కలన్నీ ఒకే మందం ఉండాలె, లేకపోతే పై పలక లావు ముక్క మీద ఆగి సన్న ముక్కలు పచ్చిగా మిగుల్తయి. ఎముక లేని కోడి ముక్కలు ఆరేడు నిమిషాలు. లావు ముక్కను మధ్యకు కోసి చూసి లోపల గులాబీ రంగు లేదని తేలినంకనే తినాలె. బాంగడా చేప చీల్చి, ఉప్పు, కారం, పసుపు, కొంచెం చింతపండు గుజ్జు పట్టించి పెడితే అయిదు నిమిషాలు. దానికి దాని కొవ్వే చాలు, నూనె రాయొద్దు. తొట్టిలో ఎంత కారిందో పిల్లలకు చూపించడం మా ఇంట్లో ఒక ఆట.

పనీరు, ఉల్లిగడ్డ చక్రాలు, కాప్సికం బాగుంటయి. అప్పడం ఒక నిమిషం. మక్క కంకి మాత్రం కుదరదు, గుండ్రటి దానికి పలక రెండు గీతల్లోనే తగుల్తది. గింజలు ఒలిచి కాల్చుకోవచ్చు గానీ అది మక్క కంకి ఎట్లయితది? వంకాయ నిలువుగా రెండు చేసి కోసిన దిక్కు కిందికి పెడితే మెత్తగా కాలుతది, తొక్కుకు పనికొస్తది. సర్వపిండి చేసి చూసినం. పలుచగా, కరకరలాడుతూ వచ్చింది, రుచికి వంక లేదు. కానీ వేలితో పెట్టిన రంధ్రాల్లో నూనె నిలిచి, మూత కింద మగ్గి వచ్చే ఆ మెత్తదనం లేదు. నాయినమ్మ దాన్ని సర్వపిండి అని పిలవడానికి ఒప్పుకోలేదు, బిస్కెట్ అన్నది.

శుభ్రం చేయడంలో మన ఊరికే ప్రత్యేకమైన ఒక జాగ్రత్త ఉంది. కీలు సందులో, ప్లగ్గు దగ్గర దూది దుమ్ము చేరుతది. వేడెక్కినప్పుడు కమురు వాసన వస్తే కారణం అదే కావచ్చు. వాడే ముందు పొడి గుడ్డతో తుడవండి, వాడనప్పుడు బట్ట కప్పి పెట్టండి. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడి గుడ్డతో పలకలు తుడిస్తే చాలు, నల్లా కింద పెట్టొద్దు. ఇనుప గరిటె, ఇనుప పీచు తాకించొద్దు. టెఫ్లాన్ పూత 260 డిగ్రీల దాకా తట్టుకుంటది, గ్రిల్లు లోపలి థర్మోస్టాట్ అంత దూరం పోనియ్యదు. గీతలు పడి పెచ్చులు ఊడితే మాత్రం ఆ పలకలు మార్చుకోవాలె.

‘హెల్త్’ అనే మాట సగం వ్యాపారమే అని మా అభిప్రాయం. కొవ్వు కారి నిప్పుల మీద పడి లేచే పొగలో కీడు చేసే పదార్థాలు ఉంటయి, గ్రిల్లులో ఆ పొగ దాదాపు లేదు, అది నిజమైన లాభం. వేయించే నూనె తప్పింది, అదీ నిజమే. కానీ మసాలాలో ఉప్పు మామూలుగానే వేసి, పక్కన నాలుగు పావ్‌లు పెట్టుకుంటే షుగర్, బీపీ గ్రిల్లును చూసి భయపడవు. మా బాపుకు షుగర్ తగ్గింది. అందులో గ్రిల్లు వాటా ఎంత, పొద్దున వరాలదేవి తలావు చుట్టూ నడక వాటా ఎంత, అన్నం తగ్గించిన వాటా ఎంత అని విడదీసి చెప్పడం మా వల్ల కాదు.

తాత ఈ గ్రిల్లు మీద కాల్చిన చేప మూడేండ్లు తిన్నడు. గ్రిల్లు ఆయన మంచం పక్కనే స్టూలు మీద ఉండేది, పొగ లేదు కాబట్టి దగ్గులేదు. మొదటిసారి తిన్ననాడు ‘ఉప్పు సరిపోలే’ అన్నడట. మా వదినె ఇంకేమన్నా అంటడేమో అని నిలబడి చూస్తే ఇంకో ముక్క అడిగిండు. పచ్చిమిరపకాయలు మాత్రం నాయినమ్మ ఇప్పటికీ దానిమీద పెట్టనియ్యదు. గ్యాసు మంట మీద, పటకారుతో పట్టుకొని, కిటికీ తెరిచి కాలుస్తది. మంచం కింది ఇనుప కుంపటి కిందటేడు సిరిసిల్లలో మా పెద్దబాపు ఇంటికి చేరింది. అక్కడ వాకిలి ఉంది, వానకాలంలో మక్క కంకులు కాల్చుతున్నరు.